సర్వర్ సందేహాలు: సగం అప్‌డేట్ తెచ్చే చిక్కులు

ఈసారి ప్రశ్నలన్నీ రోలింగ్ రిలీజ్ (విడి వెర్షన్లుగా కాకుండా ప్యాకేజీలు ఎప్పటికప్పుడు మారుతూ ఉండే) లైనక్స్‌ను ప్రొడక్షన్ సర్వర్ల మీద నడిపేవాళ్లవే. కమాండ్లను పలికే తీరులో తెలుగులో ఇచ్చాం. టెర్మినల్లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టుకోండి.

ప్రశ్న: మాకు మూడు ఆర్చ్ లైనక్స్ సర్వర్లున్నాయి. ఒకదాంట్లో కొత్త నోడ్ జేఎస్ కావాల్సి వచ్చి ‘ప్యాక్‌మ్యాన్ -ఎస్‌వై నోడ్‌జేఎస్’ కొట్టాం. అంతా బాగానే ఉందనుకున్నాం. మూడు రోజుల తర్వాత మా అప్లికేషన్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే, ఐసీయూ (వివిధ భాషల అక్షరాలను సంభాళించే) లైబ్రరీ ఫైల్ దొరకలేదంటూ ఆగిపోయింది. మిగతా రెండు సర్వర్లలో ఈ గొడవ లేదు. (విజయవాడ)

జవాబు: ఆర్చ్‌లో ప్యాకేజీలు వేసే ప్రోగ్రామే ప్యాక్‌మ్యాన్. తప్పు ఆ ‘-ఎస్‌వై’లో ఉంది. ఆ కమాండ్ ప్యాకేజీల జాబితాను ఈరోజుకు తెచ్చి, అడిగిన ఒక్క ప్యాకేజీని మాత్రం కొత్తది వేస్తుంది. మిగతా సిస్టమ్ పాత తేదీ దగ్గరే ఉంటుంది. ఆర్చ్‌లో ఏ రోజు ప్యాకేజీలు ఆ రోజు లైబ్రరీల మీద కట్టినవి. రెండు తేదీల సరుకు ఒకే మెషీన్‌లో కలిస్తే నడుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఇలాంటి సగం అప్‌గ్రేడ్‌కు తమ మద్దతు లేదని ఆర్చ్ వికీ తేల్చి చెబుతుంది.

మీ దగ్గర జరిగింది ఇదీ. కొత్త నోడ్ తనకు కావాల్సిన కొత్త ఐసీయూను వెంటబెట్టుకుని వచ్చింది. లైబ్రరీ ఫైల్ పేరు చివర ఒక అంకె ఉంటుంది, దాన్నే సోనేమ్ వెర్షన్ అంటారు. ఐసీయూలో పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా ఆ అంకె మారుతుంది. మీ అప్లికేషన్ పాత అంకె ఉన్న ఫైల్‌ను వెతుకుతోంది, అది డిస్క్ మీద లేదు. ప్యాకేజీలో ఆ అంకెతో సహా అవసరం నమోదై ఉంటే ప్యాక్‌మ్యాన్ ముందే అడ్డుకునేది. ఏయూఆర్ (ఆర్చ్ వాడేవాళ్లే రాసి పంచుకునే ప్యాకేజీల నిల్వ) నుంచి తెచ్చినవాటిలో, సొంతంగా కట్టుకున్నవాటిలో ఆ నమోదు చాలాసార్లు ఉండదు. మరి మూడు రోజులు ఎలా నడిచిందంటారా? ఫైల్ డిస్క్ మీద నుంచి పోయినా, నడుస్తున్న ప్రాసెస్ దాన్ని మెమరీలో పట్టుకునే ఉంటుంది. రీస్టార్ట్ చేసేదాకా బయటపడదు. అందుకే ఇలాంటివి చేసిన రోజున కాకుండా, ఎవరూ ఊహించని రోజున పేలతాయి.

ముందు ఇప్పుడున్న ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ మూయకండి. సగం అప్‌డేట్ రీడ్‌లైన్ లాంటి లైబ్రరీని తాకి ఉంటే బ్యాష్ (కమాండ్లు తీసుకునే షెల్) కూడా లేవదు, కొత్త లాగిన్ అసాధ్యమవుతుంది. ఆగిపోయిన ప్రోగ్రామ్ మీద ‘ఎల్‌డీడీ’ (ప్రోగ్రామ్‌కు కావాల్సిన లైబ్రరీలను చూపే కమాండ్) నడిపి ‘నాట్ ఫౌండ్’ అన్న వరుసలు చూడండి. తర్వాత ‘ప్యాక్‌మ్యాన్ -ఎస్‌వైయు’తో సిస్టమ్ మొత్తాన్ని ఒకే తేదీకి తీసుకురండి. ఏయూఆర్ ప్యాకేజీలను మళ్లీ బిల్డ్ చేయాలి. ఏవి చేయాలో రీబిల్డ్ డిటెక్టర్ ప్యాకేజీలోని ‘చెక్‌రీబిల్డ్’ చూపిస్తుంది. ప్యాక్‌మ్యానే లేవకపోతే ఇన్‌స్టాలేషన్ ఐఎస్ఓతో బూట్ చేసి, డిస్క్ మౌంట్ చేసి, ఆర్చ్ క్రూట్‌లోంచి (డిస్క్ మీది సిస్టమ్ లోపలికి దిగి) అదే పని చేయండి.

చేయకూడని పని ఒకటుంది. కొత్త ఫైల్‌కు పాత పేరుతో సింబాలిక్ లింక్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు బోలెడుమంది. సోనేమ్ అంకె మారిందంటే లోపలి ఫంక్షన్లో, డేటా అమరికో మారిందని అర్థం. లింక్ పెడితే ప్రోగ్రామ్ లేస్తుంది గానీ, తర్వాత తప్పు లెక్కలు ఇచ్చినా మీకు తెలియదు. లేవకపోవడమే నయం.

‘-ఎస్‌వై’కి ఉన్న మినహాయింపు కీరింగ్ (ప్యాకేజీల సంతకాలను సరిచూసే తాళాల గుత్తి) ఒక్కటే. నెలల తరబడి అప్‌డేట్ చేయని మెషీన్‌లో సంతకాలు నమ్మదగ్గవి కావంటూ ప్యాకేజీలన్నీ తిరస్కరణకు గురవుతాయి. అప్పుడు ముందు ‘ఆర్చ్‌లైనక్స్ కీరింగ్’ ప్యాకేజీ ఒక్కటి వేసి, వెంటనే, టీ తాగడానికి కూడా లేవకుండా, ‘ప్యాక్‌మ్యాన్ -ఎస్‌యు’ చేయాలి.

ప్రశ్న: సరే, మూడు సర్వర్లూ పూర్తి అప్‌డేటే చేస్తాం. కానీ ఒకదానికి పొద్దున, మరోదానికి మర్నాడు చేస్తే తేడాలు రావా? (హైదరాబాద్)

జవాబు: వస్తాయి. పొద్దున, సాయంత్రం మధ్య కూడా రావచ్చు. మిర్రర్లన్నీ (ప్యాకేజీల నకళ్లు అందించే సర్వర్లు) ఒకే క్షణంలో మారవు. అందుకే సర్వర్‌ను మామూలు మిర్రర్‌కు తగిలించకండి. ఆర్చ్ లైనక్స్ ఆర్కైవ్‌లో రిపోజిటరీల రోజువారీ నకళ్లు ఏడాది, నెల, తేదీ ఫోల్డర్లుగా ఉంటాయి. మిర్రర్‌లిస్ట్ ఫైల్లో ఉన్నవన్నీ తీసేసి, ఆ తేదీ ఫోల్డర్ ఉన్న ఒక్క సర్వర్ వరుస రాయండి. తర్వాత ‘ప్యాక్‌మ్యాన్ -ఎస్‌వైవైయుయు’. రెండు వైలు జాబితాను బలవంతంగా మళ్లీ తెస్తాయి. రెండు యులు ఉండటం వల్ల, ఆ తేదీ కంటే కొత్తవి ఏవైనా ఉంటే వెనక్కి దిగుతాయి.

అంటే మీ ‘వెర్షన్’ ఇక ఒక తేదీ. ఆ తేదీని ముందు టెస్ట్ మెషీన్‌కు ఇవ్వండి, రీబూట్ చేసి చూడండి, తర్వాత స్టేజింగ్‌కు (ప్రొడక్షన్‌ను పోలిన రిహార్సల్ మెషీన్), ఆ తర్వాతే ప్రొడక్షన్‌కు. అన్ని మెషీన్లలో ‘ప్యాక్‌మ్యాన్ -క్యూ’ అవుట్‌పుట్‌ను ఫైల్లో పెట్టి ‘డిఫ్’ చేస్తే ఒక్క వరుస కూడా తేడా రాకూడదు. ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ వాడేవారికి ఈ తేదీ సిద్ధంగానే ఉంటుంది. ఓఎస్ రిలీజ్ ఫైల్లోని వెర్షన్ ఐడీయే స్నాప్‌షాట్ తేదీ. అక్కడ అప్‌డేట్‌కు ‘జిప్పర్ అప్’ కాదు, ‘జిప్పర్ డప్’ వాడాలి. రూట్ బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ మీద ఉంటే ‘స్నాపర్ రోల్‌బ్యాక్’ చేసి రీబూట్ చేస్తే పాత స్థితికి పోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమే, రోలింగ్ తప్పనిసరి అనేవారికి టంబుల్‌వీడ్‌నే సూచిస్తాం.

తేదీని బిగిస్తే సెక్యూరిటీ ప్యాచ్‌లూ ఆగిపోతాయి కదా అని అడుగుతారు. ఆగుతాయి. కాబట్టి వారానికోసారైనా తేదీ జరపాలి. అత్యవసర ప్యాచ్ వస్తే ఆ ఒక్క ప్యాకేజీని లాగకుండా తేదీనే ముందుకు జరపండి. అయితే వారం ఆలస్యం అన్ని ప్రమాదాల నుంచీ కాపాడుతుందనుకోవద్దు. 2024లో ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి పెట్టిన 5.6.0 వెర్షన్ ఫిబ్రవరి చివర్లో విడుదలైంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని బయటపెట్టింది మార్చి 29న. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లకు అర సెకను ఎక్కువ పట్టడం చూసి ఆయనకు అనుమానం వచ్చింది. అంటే నెల దాటింది. డెబియన్ స్టేబుల్‌కు ఆ వెర్షన్ చేరనే లేదు, టంబుల్‌వీడ్‌కూ ఆర్చ్‌కూ చేరింది.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత పోస్ట్‌గ్రెస్ లేవడం లేదు. డేటా డైరెక్టరీ 17తో తయారైందని, 18కి పనికిరాదని లాగ్‌లో ఉంది. డేటా పోయినట్టేనా? (విశాఖపట్నం)

జవాబు: పోలేదు. కంగారులో ఆ ఫోల్డర్ తుడిచి కొత్తగా ‘ఇనిట్‌డీబీ’ (ఖాళీ డేటా ఫోల్డర్ సిద్ధం చేసే కమాండ్) చేస్తే మాత్రం పోతుంది. డేటా ఫోల్డర్లో ‘పీజీ వెర్షన్’ అనే చిన్న ఫైల్ తెరిస్తే 17 అన్న అంకె ఒక్కటే కనిపిస్తుంది. 18 సర్వర్ ఆ అంకె చూసి తాకకుండా వెనక్కి తగ్గింది. పోస్ట్‌గ్రెస్ ఏటా ఒక మేజర్ వెర్షన్ విడుదల చేస్తుంది, మేజర్ మారితే ఫైళ్ల అమరిక మారుతుంది. డెబియన్‌లో రెండు మేజర్లు పక్కపక్కనే ఉంటాయి. ఆర్చ్‌లో పాతదాని చోటే కొత్తది కూర్చుంటుంది.

సర్వీస్ ఆపి, ముందు డేటా ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్క్‌కు కాపీ చేయండి. ‘పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఓల్డ్ అప్‌గ్రేడ్’ ప్యాకేజీ వేస్తే 17 బైనరీలు ‘ఆప్ట్’ ఫోల్డర్ కింద ‘పీజీఎస్‌క్యూఎల్-17’లో దొరుకుతాయి. పాత డేటా ఫోల్డర్ పేరు మార్చండి. పోస్ట్‌గ్రెస్ యూజర్ పేరున కొత్త ఖాళీ ఫోల్డర్ పెట్టి, పాత లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్), పాత ఎన్‌కోడింగ్‌తోనే ‘ఇనిట్‌డీబీ’ చేయండి.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. 18 నుంచి ‘ఇనిట్‌డీబీ’ డేటా చెక్‌సమ్‌లను (డేటా చెడిందేమో పట్టే సరిచూపు అంకెలు) తనంతట తానే ఆన్ చేస్తుంది. పాతదాంట్లో అవి లేకపోతే రెండూ పొసగక డేటాను కొత్త వెర్షన్‌కు మార్చే ‘పీజీ అప్‌గ్రేడ్’ ముందుకు సాగదు. పాత ఫోల్డర్ మీద ‘పీజీ కంట్రోల్‌డేటా’ నడిపి, డేటా పేజ్ చెక్‌సమ్ వెర్షన్ దగ్గర సున్నా ఉందేమో చూడండి. ఉంటే కొత్త ‘ఇనిట్‌డీబీ’కి ‘--నో-డేటా-చెక్‌సమ్స్’ జోడించాలి.

తర్వాత ‘పీజీ అప్‌గ్రేడ్’ను ముందు ‘--చెక్’తో, అది గట్టెక్కాక అసలుగా నడపండి. మామూలు పద్ధతిలో డేటాకు సరిపడా మరో అంత ఖాళీ కావాలి. 200 జీబీ డేటా ఉంటే ఇంకో 200 జీబీ. ‘--లింక్’ పెడితే నిమిషాల్లో అయిపోతుంది గానీ, కొత్త సర్వర్ ఒకసారి లేచాక పాత ఫోల్డర్ ఇక పనికిరాదు. పోస్ట్‌జీఐఎస్ లాంటి ఎక్స్‌టెన్షన్లుంటే వాటి లైబ్రరీలు రెండు వెర్షన్లకూ ఉండాలి.

అసలు భయపడాల్సింది ఇంకోటుంది, అది లాగ్‌లో ఇంత గట్టిగా అరవదు. అక్షరాల వరుసక్రమాన్ని పోస్ట్‌గ్రెస్ మామూలుగా లైనక్స్ మూల సీ లైబ్రరీ జీలిబ్‌సీ నుంచి తీసుకుంటుంది. జీలిబ్‌సీ ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ తెస్తుంది. 2018 ఆగస్టులో వచ్చిన 2.28లో ఈ క్రమం భారీగా మారింది. ‘1-1’, ‘11’ అన్న రెండు వరుసలను ఇంగ్లిష్ యూఎస్ లొకేల్‌లో ‘సార్ట్’ చేస్తే పాతదాంట్లో 11 ముందొస్తుంది, కొత్తదాంట్లో 1-1 ముందొస్తుంది. పాత క్రమంలో పేర్చిన ఇండెక్స్‌ను కొత్త క్రమంలో వెతికితే, ఉన్న రికార్డు లేదని వస్తుంది. యూనిక్ ఇండెక్స్ ఉండగానే డూప్లికేట్లు చేరతాయి. కనెక్ట్ అయినప్పుడు కొలేషన్ (అక్షరాల వరుసక్రమం) వెర్షన్ తేడా ఉందన్న వార్నింగ్ కనిపిస్తే, ముందు ఆ డేటాబేస్‌ను ‘రీఇండెక్స్’ చేయండి, ఆ తర్వాతే ‘రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్’ ఇవ్వండి. తిరగేసి చేస్తే వార్నింగ్ పోతుంది, చెడిన ఇండెక్స్ అలాగే ఉంటుంది. ప్రైమరీ ఒక తేదీలో, స్ట్రీమింగ్ రెప్లికా (ప్రైమరీని వెంటవెంటనే అనుసరించే నకలు) మరో తేదీలో ఉన్నా ఇదే ముప్పు.

పోస్ట్‌గ్రెస్‌ను ‘ఇగ్నోర్ ప్యాకేజీ’ వరుసలో పెట్టి ఆపేయొచ్చు కదా అంటారు. మేజర్ వెర్షన్ తెలియకుండా మారకుండా ఉండటానికి అది అక్కరకొస్తుంది. కానీ దాని చుట్టూ ఉన్న ఐసీయూ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కదులుతూనే ఉంటాయి, మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే వస్తాం. మా మాటగా చెబితే, అప్లికేషన్ సర్వర్ రోలింగ్ మీద ఉన్నా పర్వాలేదు, డేటాబేస్‌ను డెబియన్ స్టేబుల్ మీదికి మార్చండి.

ప్రశ్న: ‘-ఎస్‌వైయు’ అయ్యాక కొత్త డాకర్ కంటైనర్లు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ దగ్గర ఆగిపోతున్నాయి. పాతవి నడుస్తున్నాయి. (వరంగల్)

జవాబు: కెర్నల్ ప్యాకేజీ మారింది, నడుస్తున్న కెర్నల్ మారలేదు. ‘యూనేమ్ -ఆర్’ చూపే వెర్షన్‌ను ‘మాడ్యూల్స్’ ఫోల్డర్లో ఉన్నదానితో పోల్చండి. కంటైనర్‌ను నెట్‌వర్క్‌కు కలపడానికి కావాల్సిన ‘వీఈత్’ మాడ్యూల్ పాత కెర్నల్‌ది, అప్‌డేట్‌తోపాటే తుడిచిపెట్టుకుపోయింది. రీబూట్ చేయండి. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉన్న) కెర్నల్ వాడినా ఇది తప్పదు, కాకపోతే పెద్ద వెర్షన్ మార్పులు తగ్గుతాయి.

రీబూట్ చేయలేని వేళ అప్‌డేట్ పెట్టుకోకండి. ఎస్‌ఎస్‌హెచ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. 2020 ఫిబ్రవరిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.2, 2024 జులైలో 9.8 వచ్చినప్పుడు, సర్వీస్ రీస్టార్ట్ చేయకపోతే కొత్త లాగిన్లు కుదరవని ఆర్చ్ వాళ్లు ప్రకటించాల్సి వచ్చింది. అప్‌డేట్‌కు ముందు ఆర్చ్ వార్తల పేజీ చూడండి. అయ్యాక సెషన్ మూయకుండా రెండో కిటికీలోంచి లాగిన్ అయి చూడండి.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత పైథాన్ అప్లికేషన్‌కు ఏ మాడ్యూలూ దొరకడం లేదు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (అప్లికేషన్ మాడ్యూళ్లు ఉండే విడి ఫోల్డర్) మేం తాకలేదు. (డల్లాస్)

జవాబు: దాని లోపలి ‘పైథాన్’ సిస్టమ్ పైథాన్‌కు లింక్ మాత్రమే. సిస్టమ్ 3.12 నుంచి 3.13కు పోతే అది 3.13 ఫోల్డర్లో వెతుకుతుంది, మీ మాడ్యూళ్లు 3.12 ఫోల్డర్లో ఉన్నాయి. ఎన్విరాన్‌మెంట్‌ను తీసేసి, రిక్వైర్‌మెంట్స్ ఫైల్ నుంచి మళ్లీ కట్టండి. ఇకమీదట సిస్టమ్ పైథాన్ మీద ఆధారపడకుండా పైఎన్వ్ లేదా యూవీ అనే సాధనంతో సొంత పైథాన్ వేసుకోండి.

ప్రశ్న: హోస్ట్ పాతదే, మార్చలేదు. రోలింగ్ ఇమేజ్‌తో కంటైనర్ కడితే థ్రెడ్ తయారుచేయడానికి అనుమతి లేదంటోంది. రూట్‌గానే నడిపాం. (బెంగళూరు)

జవాబు: ఇది అదే తగాదా, తిరగేసి. జీలిబ్‌సీ 2.34 నుంచి థ్రెడ్లకు ముందుగా ‘క్లోన్3’ సిస్టమ్ కాల్ ప్రయత్నిస్తుంది. ఆ కాల్ లేదని జవాబొస్తే పాతదానికి మళ్లుతుంది. పాత డాకర్ సెక్‌కాంప్ (కంటైనర్ ఏ సిస్టమ్ కాల్స్ చేయొచ్చో నియంత్రించే వడపోత) ప్రొఫైల్‌కు క్లోన్3 తెలియక ‘లేదు’ అనకుండా ‘అనుమతి లేదు’ అంటుంది. జీలిబ్‌సీ దాన్ని నిజమని నమ్మి ఆగిపోతుంది. డాకర్ 20.10.10లో దీన్ని సరిచేశారు. ఆ వెర్షన్ లేదా అంతకంటే కొత్తది వేయండి, రన్‌సీ, లిబ్‌సెక్‌కాంప్‌లనూ దాంతోపాటు కొత్తవి చేయండి. సెక్‌కాంప్‌నే ఆపేయమనే సలహాను ప్రొడక్షన్‌లో పాటించకండి. ఇమేజ్‌కు ‘లేటెస్ట్’ ట్యాగ్ మాని, తేదీ ఉన్న ట్యాగ్ పెట్టండి.