పళ్ల ఇన్సూరెన్స్ తీసుకోవాలా, పళ్ల డాక్టరుతోనే మాట్లాడుకోవాలా?

ప్రశ్న: మిర్యాలగూడలో మాకు రైస్ మిల్లు ఉంది. బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లు, ఆపరేటర్లు, గుమస్తాలు, డ్రైవర్లు కలిపి 24 మంది. పోయిన నెల మా బాయిలర్ ఆపరేటర్ పంటినొప్పితో నాలుగు రోజులు రాలేదు. అప్పటి నుంచి స్టాఫ్‌కు పళ్ల చికిత్స సౌకర్యం ఇవ్వాలనుకుంటున్నా. ఒక ఏజెంట్ గ్రూప్ పాలసీ చెప్పాడు. మనిషికి 2,500 ప్రీమియం, ఏడాదికి 5,000 దాకా క్లెయిమ్. కొటేషన్ పంపుతున్నా. తీసుకోమంటారా?

జవాబు: సౌకర్యం తప్పకుండా ఇవ్వండి. ఈ పాలసీ మాత్రం వద్దు.

మీ కొటేషన్ మొత్తం చదివాను. 24 మందికి ప్రీమియం 60,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 10,800. అంటే మీ చేతి నుంచి పోయేది 70,800. మనిషికి 5,000 లిమిట్ కాబట్టి ఆ డబ్బు తిరిగి రావాలంటే ఏడాదిలో 15 మంది పూర్తి లిమిట్ వాడుకోవాలి. మీ మిల్లులో ఒకే ఏడాది 15 మందికి రూట్ కెనాల్ పడుతుందా? పైగా లిస్టులో ఉన్న క్లినిక్‌లన్నీ హైదరాబాద్‌వే. మీ ఆపరేటర్ ఒక పంటి కోసం బస్సెక్కి అంత దూరం పోయి, బిల్లు తెచ్చి, ఫారం నింపి డబ్బు కోసం ఎదురుచూస్తాడని నాకు నమ్మకం లేదు.

ఇన్సూరెన్స్ అనేది ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద ఖర్చుకు. గుండె ఆపరేషన్, యాక్సిడెంట్ లాంటివాటికి. పళ్ల ఖర్చు అలాంటిది కాదు. అది చిన్నగా మొదలై, పట్టించుకోకపోతే పెరుగుతుంది. నా సంగతే చెబుతాను. దవడ పంటికి చిన్న పుచ్చు ఉంది, ఫిల్లింగ్ చేయిస్తే 800 అవుతుందన్నారు. రేపు మాపు అంటూ ఎనిమిది నెలలు గడిపాను. ఒక రాత్రి చెంప పట్టుకుని కూర్చుని తెల్లవార్లూ నిద్రలేదు. రూట్ కెనాల్, క్యాప్ కలిపి 7,000 అయింది. నాలాగా నెలజీతం, సెలవు ఉన్నవాణ్నే అంత వాయిదా వేశాను. రోజుకూలీ పోతుందని భయపడేవాళ్లు ఇంకెంత వాయిదా వేస్తారు? మొదట లవంగం, తర్వాత మెడికల్ షాపు గోలీ, చివరికి వాపు వచ్చాక నాలుగు రోజులు మంచం మీద.

అందుకే ఆ 60,000 మిల్లులోనే విడిగా పెట్టండి. మీ ఊళ్లో ఉన్న ఒక మంచి పళ్ల డాక్టరుతో మాట్లాడుకోండి. ఏడాదికోసారి అందరికీ చెకప్, క్లీనింగ్. మనిషికి 700 అనుకున్నా 16,800. ఇంకా 43,200 మిగులుతుంది. ఫిల్లింగ్, పన్ను పీకించడం పూర్తిగా మిల్లు ఖర్చు. రూట్ కెనాల్, క్యాప్ అయితే సగం మిల్లు, సగం మనిషి. మిల్లు వాటాకు 4,000 పరిమితి పెట్టండి. పెద్ద పని పడి, డాక్టర్ చెప్పిన ఖర్చు ఎక్కువ అనిపిస్తే నార్కట్‌పల్లి డెంటల్ కాలేజీలో అడిగి చూడండి. కాలేజీల్లో ఫీజు సాధారణంగా తక్కువే.

మన నల్గొండ జిల్లాకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చినవాళ్లు మీ దగ్గర ఉంటే వాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు చూసే ఉంటారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన బోరు నీళ్లు చిన్నప్పుడు, పళ్లు తయారయ్యే వయసులో తాగినవాళ్లు వీళ్లు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చేనాటికే వాళ్ల పళ్లు వచ్చేశాయి. మీ కొటేషన్‌లో 'అందం కోసం చేసే చికిత్సకు వర్తించదు' అని ఒక లైన్ ఉంది. మరకల చికిత్స ఆ లెక్కలోకే పోతుంది. పాలసీ తీసుకున్నా వాళ్లకు ఇందులో రూపాయి రాదు.

ఇంకో విషయం, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. మిల్లుల్లో ఖైనీ, గుట్కా నమిలేవాళ్లు చాలామంది. నోట్లో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మానని పుండు, మూడు వేళ్లు పట్టేంత కూడా నోరు తెరుచుకోకపోవడం... ఇవి ముందుగా కనిపెట్టేది పళ్ల డాక్టరే. నోటి క్యాన్సర్ మొదట్లో దొరికితే మనిషి దక్కుతాడు. ఆ చెకప్ ఒక్కటి చేయించినా మీ డబ్బు వృథా కాదు.

అయితే దీనికంటే ముందు చూడాల్సింది ఈఎస్ఐ, అంటే కార్మికులకు ప్రభుత్వం నడిపే వైద్య బీమా. పదిమందికి పైగా పనిచేస్తున్నారు కాబట్టి 21,000 లోపు జీతం ఉన్నవాళ్లందరికీ అది తప్పనిసరి. నెలకు 16,000 జీతం ఉన్న మనిషికి మీరు కట్టేది 520, అతను కట్టేది 120. కుటుంబానికీ వైద్యం అందుతుంది, పెద్ద ఈఎస్ఐ ఆసుపత్రుల్లో పళ్ల విభాగం కూడా ఉంటుంది. అంతకంటే ఎక్కువ జీతం ఉన్నవాళ్లకు మామూలు గ్రూప్ మెడిక్లెయిమ్, అంటే ఆసుపత్రి ఖర్చుల ఇన్సూరెన్స్ చూడండి. అందులో పళ్ల చికిత్స దాదాపు ఉండదు, యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప. అయినా అది తీసుకోవాల్సిందే. ఇవేవీ లేకుండా ముందు పళ్ల పాలసీ కొంటే గోడలు లేకుండా కప్పు వేసినట్టే.

క్లినిక్ బిల్లులు బ్యాంకు నుంచే కట్టండి, కాగితాలు దాచండి. మిల్లు ఖర్చుగా చూపించుకోవచ్చు. ఆ డబ్బు స్టాఫ్ ఆదాయంలో కలిసినా, మొత్తం ట్యాక్స్ పరిమితి లోపే ఉన్నవాళ్లకు ట్యాక్స్ పడదు.

చివరగా, క్లినిక్‌కు పోయిన పూట కూలీ కోయకండి. కోస్తే చెకప్ ఉచితమైనా ఎవరూ పోరు. ఆ పూట కూలీ కూడా ఈ 60,000 లోంచే లెక్కేసుకోండి.