టెక్నికల్ వ్యాసం మొదటి వాక్యంలోనే పాఠకుణ్ణి రెచ్చగొట్టాలా?

ఒక అప్లికేషన్‌ని చిన్న చిన్న విడి సర్వీసులుగా విడగొట్టి నడపడాన్ని మైక్రోసర్వీసులంటారు. వాటితో పడ్డ ఇబ్బంది మీద రాసే వ్యాసాన్ని "మైక్రోసర్వీసులు పచ్చి మోసం" అని మొదలుపెట్టనా అని అడిగారు. రెచ్చగొట్టండి, తప్పులేదు. మీరు కళ్ళారా చూసిన దానితో రెచ్చగొట్టండి. చదివేవాడికి ఏమీ రాదని మొదలుపెడితే మాత్రం ఎవరి కోసం రాశారో వాళ్ళే ముందు లేచి వెళ్ళిపోతారు. ఒకే వ్యాసాన్ని మూడుసార్లు రాస్తే గానీ ఇది నాకు అర్థం కాలేదు.

అప్పట్లో మేం జాంగోలో, అంటే పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌లో పనిచేసేవాళ్ళం. ఆర్డర్ల పేజీ ఒకటి ఎంతకీ తెరుచుకునేది కాదు. డేటాబేస్‌ని మా కోడ్ అడిగే ప్రతి ప్రశ్ననీ, అంటే క్వెరీనీ, చూపించే ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి చూస్తే ఒకే క్వెరీ స్క్రీన్ నిండా దొర్లుకుంటూ పోతోంది, చివర్లో కస్టమర్ ఐడీ ఒక్కటే మారుతోంది. 200 ఆర్డర్లు తేవడానికి ఒక క్వెరీ, ఒక్కో ఆర్డర్‌కి కస్టమర్ పేరు కోసం మళ్ళీ ఒక్కోటి, మొత్తం 201. ఎన్ ప్లస్ వన్ సమస్య అనేది దీన్నే. ఆర్డర్లతో పాటే కస్టమర్ వివరాలూ తెమ్మని చెప్పే సెలెక్ట్_రిలేటెడ్ అని ఒక్క మాట చేరిస్తే 201 కాస్తా 1 అయింది.

దీని మీద రాయాలనిపించింది. మనం రాసే మామూలు కోడ్‌ని డేటాబేస్ క్వెరీలుగా మార్చే జాంగో భాగమే ఓఆర్ఎం. మొదటిసారి "ఓఆర్ఎం అంటే..." అని నిర్వచనంతో ఎత్తుకున్నా. మా టీమ్ వాళ్ళే రెండో పేరా దాటలేదు. రెండోసారి "ఓఆర్ఎం వాడేవాళ్ళకి డేటాబేస్ రాదు" అని మొదలుపెట్టా. జనం బాగానే వచ్చారు, గొడవా బాగానే జరిగింది. 201 గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైన కుర్రాడు టీ దగ్గర మెల్లిగా అన్నాడు: "అన్నా, నేను ఓఆర్ఎంతోనే నేర్చుకున్నా. ఫస్ట్ లైన్ చూసి, మనకి కాదులే అని మూసేశా." నేను రాసింది అలాంటివాళ్ళ కోసమే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మూడోసారి ఎత్తుగడ ఇది: "ఒక్క పేజీ చూపించడానికి మా కోడ్ డేటాబేస్‌ని 201 సార్లు అడిగింది. ఆ కోడ్ రాసింది నేనే." ఈసారి వచ్చినవాళ్ళు తమ లాగ్ తెరిచి చూసుకుని మరీ వచ్చారు. ఒకరు తమ పేజీలో ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయో లెక్కపెట్టి చెప్పారు. నేను రాసిన చోట ఒక పొరపాటు ఉందని ఇంకొకరు చూపించారు, దిద్దుకున్నాను.

ఘాటుగా మొదలుపెట్టమనేవాళ్ళు తరచూ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా పేరెత్తుతారు. 1968 మార్చిలో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం పత్రికలో అచ్చయిన ఆయన ఉత్తరం శీర్షిక "గో టు స్టేట్‌మెంట్ కన్సిడర్డ్ హార్మ్‌ఫుల్", అంటే గో టు వాడకం హానికరం అని. గో టు అంటే ప్రోగ్రామ్‌ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకించే ఆదేశం. నిజానికి ఆయన పెట్టిన పేరు "ఎ కేస్ అగెయిన్‌స్ట్ ది గో టు స్టేట్‌మెంట్". మార్చింది ఎడిటర్ నిక్లాస్ విర్త్. ఆ శీర్షిక తప్ప లోపలేముందో చూడనివాళ్ళే తరచూ దాన్ని ఉదహరించారని డైక్‌స్ట్రా తర్వాత బాధపడ్డాడు. అయితే లోపలి మొదటి వాక్యమూ మెత్తనిదేం కాదు: ప్రోగ్రామ్‌లో గో టులు ఎంత దట్టంగా ఉంటే ప్రోగ్రామర్ నాణ్యత అంత తక్కువ అంటాడు. కానీ అక్కడితో వదిలెయ్యడు. కదలకుండా ఉన్నవాటి మధ్య సంబంధాలు మన బుర్రకి బాగా అందుతాయి, కాలంతో పాటు మారేవి అంతగా అందవు, కాబట్టి కాగితం మీద కోడ్‌కీ నడిచే కోడ్‌కీ దూరం తగ్గించాలని వెంటనే కారణం చూపిస్తాడు. అంత కారణం చేతిలో ఉన్నప్పుడు అంత మాట అనొచ్చు. నా రెండో వ్యాసంలో ఓఆర్ఎం వాడేవాళ్ళ మీద వేసిన మాటకి అలాంటి కారణమేదీ లేదు. ఉన్నది ఒక్క పేజీ అనుభవం.

మీ "మైక్రోసర్వీసులు పచ్చి మోసం" కూడా అలాంటిదే, నాకైతే వద్దనిపిస్తోంది. మీ ప్రశ్నలోనే కింద రాశారు: నలుగురున్న టీమ్, 11 సర్వీసులు, చిన్న ఫీచర్‌కి కూడా ఐదు చోట్ల డిప్లాయ్ చెయ్యాల్సి రావడం, చివరికి అన్నీ కలిపి మళ్ళీ ఒక్క అప్లికేషన్ చేసుకోవడం. ఆ నలుగురినీ ఆ 11నీ పైకి తెచ్చి మొదటి వాక్యంలో పెట్టండి.