సంతకం పెట్టే ముందు చదువు పాపా

పాపా,

నువ్వు ఊర్లో ఆడోళ్ళ పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘానికి ప్రెసిడెంట్ అయినావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. ఆ తర్వాత నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా విన్నా. అందులో "నాకేం తెలుసు చిన్నమ్మా, లెక్కలు రాసే వీవోఏ అక్క అన్నీ చూసుకుంటాది, నేను సంతకం పెడితే చాలంట" అన్నావే, అదొక్కటే నాకు నచ్చలా. దానికోసమే ఇంత పొడుగు టైప్ చేస్తా ఉండా, మనవడు తప్పులు దిద్దిస్తా అన్నాడు గానీ వద్దన్నా, నువ్వే సర్దుకుని చదువుకో.

నువ్వు పద్మావతి యూనివర్సిటీలో బీకాం చదివినావు. ఆడపిల్లల కోసమని 1983లో తిరపతిలో పెట్టిన యూనివర్సిటీ అది, మా ఈడోళ్ళకి ఆ గేటు లోపలికి పోయే రాత లేదు. అట్టాంటిదానివి నీ సంఘం పాస్‌బుక్ చూపించమని అడిగేదానికి మొహమాటపడితే ఎట్ల?

మొదటి నెల ఎవురికీ స్పీచ్‌లు ఇవ్వబాక, మార్పులు గీర్పులు అనబాక. మినిట్స్ బుక్కు, క్యాష్ బుక్కు, అప్పుల లెడ్జరు, బ్యాంకు పాస్‌బుక్కు, ఈ నాలుగూ ఇంటికి తెచ్చుకో. ఇప్పుడంతా యాప్‌లో ఎక్కిస్తా ఉన్నాం కదా బుక్కులెందుకు అంటారు, యాప్‌లో ఎక్కించింది ఎవురో ఒకరు చెప్పిన లెక్కే కదా, నువ్వు కాగితమే చూడు. మీ సంఘాల్లో ఏదో ఒక సంఘం తీసుకో, అన్నీ వద్దు, ఒక్కటే, ఆ ఆడోళ్ళ దగ్గరికి పోయి నెలనెలా కంతు ఎంత కట్టినారో వాళ్ళ చిన్న పుస్తకాల్లో చూడు, బ్యాంకుకి పోయి ఆ సంఘం పాస్‌బుక్ ప్రింట్ వేయించు, రెండూ పక్కపక్కన పెట్టి తేదీకి తేదీ పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటా రా. పదో తేదీ చేతికిచ్చిన డబ్బు బ్యాంకులో ఇరవై ఎనిమిదో తేదీ పడిందంటే ఆ మధ్యలో అది ఎవురి చేతిలో తిరిగిందో అడగాల. అసలు పడకపోతే ఇంగ చెప్పేదేముంది. చాలా ఊర్లలో మోసం జరిగేది ఇట్లనే, ఆడోళ్ళు కూలి చేసి తెచ్చి చేతికిస్తారు, రసీదు అడగరు, రెండు మూడేండ్లకి బ్యాంకు నుంచి నోటీసు వచ్చినాక నెత్తిన చేతులు పెట్టుకుంటారు.

వీవోఏని అనుమానించమని కాదు నేను చెప్పేది, ఆ పిల్లకి ఇచ్చేది తక్కువ, చేయించుకునేది జాస్తి, మంచిదే అయ్యుండొచ్చు. మంచిదైతే రేపు ఎవురన్నా నింద వేస్తే కాపాడేది కూడా ఆ లెక్కలే. తేడా కనిపిస్తే నలుగురిలో అరవబాక, ముందు ఆమెనే అడుగు, సరిగ్గా చెప్పకపోతే మండలంలో సంఘాలని చూసే సీసీకి, ఆ పైన ఉండే ఏపీఎంకి రాతపూర్వకంగా ఇచ్చి ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో. ప్రతి మీటింగులో తీర్మానం రాసినాక గట్టిగా చదివి వినిపించినాకే సంతకాలు, ఖాళీ పేజీ మీద సంతకం అడిగితే పెన్ను మూసి పక్కన పెట్టెయ్. అంతే.

ఇదేమన్నా కొత్త సంగతా అంటే కాదు. పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడోళ్ళు రాత్రిపూట చదువుకునే దానికి పోయినారు, అక్షరాలు నేర్చుకుంటా నేర్చుకుంటా కూలి డబ్బులు సారాకి ఎట్ల పోతున్నాయో మాట్లాడుకున్నారు, ఆ ఊరి రోశమ్మా వాళ్ళు ఊర్లోకి సారా రానీకుండా అడ్డం నిలబడినారు, అది రాష్ట్రమంతా అంటుకుంది, 1993 అక్టోబర్‌లో ప్రభుత్వం సారా నిషేధించింది. 1995లో మొత్తం మద్యం ఆపినారు, 1997లో మళ్ళా ఎత్తేసినారు, అది వేరే కథ, దాని గురించి నాకు కోపం ఇంగా తగ్గలా. ఆ ఊపులోనే మన జిల్లాల్లో పొదుపు సంఘాలు ఊరూరా లేచినాయి. 2000లో పేదరికం తగ్గించేదానికి వెలుగు ప్రాజెక్టు మొదట ఆరు జిల్లాల్లో పెడితే అందులో మన చిత్తూరు ఒకటి, అందుకే ఇప్పటికీ పేర్లు ఎన్ని మారినా మనం వెలుగు ఆఫీసనే అంటాం.

బ్యాంకు దగ్గరికి వస్తా. సంఘం అప్పు 10 లక్షల దాకా బ్యాంకు ఎట్టాంటి తాకట్టూ అడక్కూడదు, మీ పొదుపు ఖాతాని హోల్డ్‌లో పెట్టకూడదు, డిపాజిట్ వేస్తేనే అప్పు అని మెలిక పెట్టకూడదు, ఇవి రిజర్వ్ బ్యాంకు రూల్సు. ఇవి నోటికి వచ్చుండాల. మా టైంలో ఒక బ్యాంకోళ్ళు మా సంఘంలో ఒకామె మొగుడు పంటలోను కట్టలేదని సంఘం పొదుపు డబ్బులు తియ్యనీకుండా ఆపేసినారు. మేము గొడవ చెయ్యలా, అందరం పోయి బెంచీల మీద కూచుని "ఏ రూలు ప్రకారం ఆపినారో రాసివ్వండి సార్" అన్నాం. ఆయన సిస్టంలో సమస్య అన్నాడు, సాయంత్రం రమ్మన్నాడు, టీ తెప్పించినాడు కూడా, రాసి మాత్రం ఇవ్వలా. రెండు రోజుల్లో డబ్బులు వదిలినారు. ఆ "రాసివ్వండి సార్" అనేది మర్చిపోబాక, ఏ ఆఫీసులో అయినా పనికొస్తాది, గొంతు పెంచాల్సిన పని కూడా లేదు.

అప్పు వచ్చినాక ఎవురికి ముందు అనేది అసలు పరీక్ష. చాలాచోట్ల లీడరు, లీడరు తోడికోడలు, లీడరు చెల్లెలు, వీళ్ళకైపోయినాక మిగిలితే కాలనీ ఆడోళ్ళకి. వాళ్ళు మీటింగులో వెనక గోడకి ఆనుకుని కూచుంటారు, అడగరు, అడిగితే మళ్ళా పిలవరేమో అని భయం. పోయిన మూడేండ్లలో ఒక్కసారి కూడా అప్పు తీసుకోనోళ్ళ పేర్లు లెడ్జరులో నుంచి రాసుకుని, వచ్చే మీటింగులో వాళ్ళని ముందు వరసలో కూచోబెట్టి మొదట వాళ్ళనే అడుగు. మీ అత్తగారి వైపోళ్ళకి కోపం వస్తాది, రానీ. ఇంగోటి, ఏండ్ల తరబడి ఒకే మనిషి లీడరుగా ఉన్న సంఘాల్లో లీడర్లని మార్పించు, నీ టైం అయినాక నీ కుర్చీ కూడా.

అల్లుడు మంచోడే, నాకు తెలుసు. కానీ మంచోళ్ళతోనే ఈ చిక్కు. మొదటి మీటింగుకి బండి మీద దించేదానికి వస్తాడు, రెండో దానికి ఎండగా ఉందని లోపల కూచుంటాడు, మూడో దానికి నీ బదులు మాట్లాడేస్తాడు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడోళ్ళకి ఇచ్చినారు, మన చుట్టుపక్కల ఎన్ని ఊర్లలో సర్పంచ్ అంటే మొగుడి పేరు చెప్తారో నువ్వే చూస్తా ఉన్నావు. గంగమ్మ జాతరలో మొగోళ్ళే చీరలు కట్టుకుని వేషాలు వేసి అమ్మవారికి మొక్కుతారు, జాతర అయిపోతానే ఆడది కుర్చీలో కూచుంటే ఓర్చుకోలేరు, మన తిరపతి తమాషా ఇది. ఆయనతో నలుగురిలో కాదు, ఇంట్లో చెప్పు, మీటింగు టైంలో పిల్లోడిని చూసుకోమను, అది కూడా నీకు పెద్ద సాయమే. మండలం ఆఫీసులో, బ్యాంకులో నీ పేరుకి ఎవురి ఫోన్ నంబర్ ఉందో చూసుకో, నీ ఖాతాకి ఓటీపీ ఆయన ఫోనుకి పోతా ఉంటే ఆ ఖాతా నీదెట్ల అవుతాది? రేపే పోయి మార్పించు.

ఆవు కొనేదానికి సంఘం అప్పు తీసుకున్నావు కదా, కంతు నువ్వే కడతావు, తెల్లారకముందే లేచి పేడ తీసి గడ్డేసి పాలు పిండేది నువ్వే, పాల కేంద్రంలో పేరు మాత్రం అల్లుడిది, పాల బిల్లు పడేది ఆయన ఖాతాలో. ఇది మీ ఇంట్లోనే కాదు బంగారుపాళెం పక్క సగం ఇండ్లల్లో ఇంతే. పేరు మార్పించుకో. ఆయన ఖర్చు చేస్తాడని కాదు, రేపు నువ్వు సొంతంగా బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోనుకి పోతే నీ ఖాతాలో రాబడి కనపడాల, అది కనపడకపోతే నువ్వు ఎంత చాకిరీ చేసినా బ్యాంకు లెక్కలో నీకు సంపాదన లేనట్టే.

మీ అన్న భూమి విషయంలో సంతకం పెట్టేదానికి రిజిస్టర్ ఆఫీసుకి రమ్మన్నాడని మీ అమ్మ మెల్లిగా చెప్పింది. నువ్వు నాకు చెప్పలా. పర్లేదు. ఆడబిడ్డకి ఉమ్మడి ఆస్తిలో వాటా అని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం చేసినారు, దేశమంతటికీ 2005లో వచ్చింది, అది పుట్టుకతో వచ్చే హక్కని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. మీ నాయన వీలునామా రాయకుండా పోయినాడు కాబట్టి ఆయన సొంతంగా కొన్న మామిడితోపు అయినా మీ అమ్మకి, మీ అన్నకి, నీకు సమానమే, ఇది 1956 నుంచి ఉన్న చట్టమే. పెండ్లిలో పెట్టినాం కదా అంటారు, పెట్టింది నిజమే, దానికీ దీనికీ చట్టంలో ముడి లేదు. వాటా అడిగితే పుట్టింటికి దారి మూసుకుపోతాదని నీకు భయం, ఆ భయం ఉత్తిదని నేను అనను, కొన్ని ఇండ్లల్లో నిజంగానే మూసుకుపోయింది, పండగకి పిలిచే దిక్కు లేకుండా అయినోళ్ళు నాకు తెలుసు. అందుకే నువ్వు తీసుకో అనో వదిలెయ్ అనో నేను చెప్పను, నీ ఇష్టం. ఇవ్వాలనుకుంటే దాని విలువ తెలుసుకుని ఇయ్యి, మీ అన్నకి కూడా ఎంత ఇస్తా ఉండావో తెలియాల. అందరూ మర్చిపోయేది ఇంగొకటుంది, మీ అమ్మ వాటా. నువ్వు నీది వదులుకున్నా ఆమెది ఆమె పేరు మీదే ఉండాలని గట్టిగా పట్టుకో, ముసలితనంలో కోడలి దగ్గర మాటకి బరువు ఉండాలంటే అది ఉండాల.

ఈ నెల మాత్రం సంతకానికి రిజిస్టర్ ఆఫీసుకి పోబాక, పిల్లోడికి జొరమనో ఏదో చెప్పు. భూమి కాగితాలు అడంగల్, 1బీ, ఈసీ మూడూ తీయించుకుని ఆదివారం తిరపతికి రా, నాకు తెలిసిన లాయరమ్మ ఉంది, ఇద్దరం పోయి చూపించుకుని వద్దాం. ఒరిజినల్స్ మోసుకురాబాక, జిరాక్సులు చాలు. సంఘం పాస్‌బుక్ కూడా తెచ్చుకో, ప్రింట్ వేయించినాకే.

మీ చిన్నమ్మ