బీకామ్ చదివిన అమ్మాయికి సైబర్ సెక్యూరిటీలో చోటుందా?

ప్రశ్న: మాది ఆదోని. జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాను. పోయిన సీజన్లో, మాకు మిషను సామాన్లు పంపే పార్టీ నుంచి వచ్చినట్టు ఒక మెయిల్ వచ్చింది. మా బ్యాంకు అకౌంటు మారింది, ఇకమీదట డబ్బు ఇందులో వెయ్యండి అని. బిల్లు సరిగ్గానే ఉంది, సేటు సరే అన్నాడు, ఆర్టీజీఎస్ చేసేశాను. ₹8 లక్షలు పోయాయి. డబ్బు రాలేదని పార్టీ ఫోన్ చేస్తే గానీ తెలియలేదు. సేటు నన్నేమీ అనలేదు కానీ అప్పట్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. మా పాప బీకామ్ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం, ఇంటర్లో ఎంఈసీ. ఇదంతా చూసి సైబర్ సెక్యూరిటీ చేస్తానని పట్టుబట్టింది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఇంజినీరింగ్ చదవని పిల్లను ఈ రంగంలో ఎవరు తీసుకుంటారు? సెక్యూరిటీకి డబ్బు పెట్టడం దండగ అంటాడు మా సేటు. ఓనర్లంతా అట్లే అనుకుంటే ఈ ఉద్యోగాలు ఎన్నాళ్లుంటాయి?

జవాబు: ముందు మీ సంగతి చెప్పనివ్వండి, పాప సంగతి తర్వాత. ఆ మెయిల్ ఇంకా ఉంటే తెరిచి, పంపినవాళ్ల అడ్రసు ఒక్కొక్క అక్షరం చదవండి. ఇంగ్లీషులో చిన్న ‘ఆర్’, చిన్న ‘ఎన్’ పక్కపక్కన పడితే అచ్చం ‘ఎమ్’ లాగే కనబడతాయి. దొంగలు అలాంటి ఒక్క అక్షరం తేడాతో అడ్రసు తీసుకుని రాస్తారు. అడ్రసు నిజంగా పార్టీదే అయితే ఇంకో దారి ఉంది. వాళ్ల మెయిల్‌లోకే ఎవరో దూరి, రోజుల తరబడి ఉత్తరాలన్నీ చదివి, మీకు బిల్లు వచ్చే సమయం కనిపెట్టి, అసలు బిల్లులోనే అకౌంటు నంబరు మార్చి పంపి ఉంటారు. అందుకే మీకు మొత్తం సరిపోయింది, సరుకు పేర్లు సరిపోయాయి, అనుమానం రాలేదు. ఈ ఒక్క రకం మోసంలోనే 2024లో అమెరికాలో ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల ప్రకారం పోయిన డబ్బు 277 కోట్ల డాలర్లు, అంటే మన లెక్కలో దాదాపు ₹23 వేల కోట్లు. అంతంత పెద్ద అకౌంట్స్ డిపార్టుమెంట్లున్న కంపెనీలు కూడా అందులో ఉన్నాయి. మీరు అజాగ్రత్తగా ఉండబట్టి పోయిన డబ్బు కాదండీ ఇది. అకౌంటు మారిందంటే పార్టీకి ఫోన్ చేసి అడగాలన్న పద్ధతి మీ మిల్లులో లేదు, లోపం అక్కడుంది. ఆ పద్ధతి ఈ రోజే మొదలుపెట్టండి. ఫోన్ మాత్రం మీ పాత పుస్తకంలో ఉన్న నంబరుకే చెయ్యాలి, కొత్త మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాదు. నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు ఎంట్రీ వేస్తే మరొకరు ఓకే చేసే ఏర్పాటు ఉంటుంది, బ్యాంకును అడిగి పెట్టించుకోండి. మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఆ అకౌంటు నుంచి డబ్బు ఇంకో అకౌంటుకు దాటకముందే ఆపగలిగితే ఎంతో కొంత చేతికొస్తుంది.

ఇక సేటు ‘దండగ’ అన్న మాట. పాప భవిష్యత్తుకు సంబంధించిన అసలు విషయం ఈ మాటలోనే ఉంది కాబట్టి కాస్త ఎక్కువ సేపు చెబుతాను.

సైబర్ దొంగతనం అనగానే మనం దొంగ పట్టుకుపోయిన డబ్బే లెక్కేస్తాం. వ్యాపారానికి అంతకు మించిన దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. 2025 ఆగస్టు ఆఖర్లో టాటా మోటార్స్‌కు చెందిన జాగ్వార్ ల్యాండ్ రోవర్ కంపెనీ కంప్యూటర్ల మీద దాడి జరిగింది. ఇంగ్లండులోని ఫ్యాక్టరీలు అయిదు వారాల పాటు ఆగిపోయాయి. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థకు దానివల్ల కలిగిన నష్టం 190 కోట్ల పౌండ్లని, 5,000కు పైగా సంస్థలు దెబ్బతిన్నాయని అక్కడి సైబర్ మానిటరింగ్ సెంటర్ అంచనా కట్టింది. అందులో సింహభాగం ఎవరో దోచుకుపోయిన డబ్బు కాదు. తయారు కాని కార్లు, అమ్ముడుపోని కార్లు, ఆర్డర్లు ఆగి చేతులు ముడుచుకుని కూర్చున్న చిన్నచిన్న విడిభాగాల వర్క్‌షాపులు, అదీ ఆ నష్టం. మన దగ్గరా చూశాం. 2024 జులై ఆఖర్లో చిన్న బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ సేవలందించే సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి (ఫైళ్లకు తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగే దాడి) జరిగితే, అది పాకకుండా దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకులను దేశపు చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా విడదీయాల్సి వచ్చింది. ఆ బ్యాంకులు ఏ తప్పూ చెయ్యలేదు. వాళ్లు నమ్ముకున్న సంస్థకు దెబ్బ తగిలింది, అంతే.

2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార బ్యాంకు నుంచి హ్యాకర్లు ₹12 కోట్లకు పైగా కాజేశారు. సిబ్బందికి పంపిన మోసపు మెయిళ్లతోనే లోపలికి దూరారు. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు అదే బ్యాంకుకు సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు ₹65 లక్షల జరిమానా వేసింది. డబ్బు పోగొట్టుకున్నవాడే జరిమానా కూడా కట్టాడు. ఈ సంగతి మీ సేటుకు చెప్పి చూడండి.

ఐబీఎం ఏటా వేసే నివేదిక ప్రకారం 2025లో మన దేశంలో ఒక్కో డేటా చోరీకి కంపెనీకయ్యే సగటు ఖర్చు ₹22 కోట్లు. కానీ ఆ అంకె మీ సేటుకు చెప్పకండి. అది పెద్ద కంపెనీల సగటు. ఆదోనిలో మిల్లు నడిపేవాళ్లు అది విని, మనది కాదులే అనుకుని లేచిపోతారు. వాళ్ల మిల్లు లెక్క వాళ్లకు చూపించాలి.

ఆ లెక్క ఇలా ఉంటుంది. డిసెంబర్, పత్తి జోరుగా దిగుతోంది. సోమవారం పొద్దున లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఫైళ్లన్నీ తాళం పడి ఉన్నాయి. డబ్బు కడితే తెరుస్తామని తెరమీద ఒక నోటీసు. మీ కంప్యూటర్‌లో పార్టీల వివరాలు, పాత బిల్లులు ఏవీ తెరుచుకోవు. బిల్లు లేనిదే ఈ-వే బిల్లు కాదు, అది లేనిదే బేళ్లెక్కించిన లారీ గేటు దాటదు. రోజులు గడిచేకొద్దీ హాల్టింగ్ చార్జీ పెరుగుతుంది. హమాలీలకు పని లేకున్నా ఏదో ఒకటి ఇవ్వాలి. మిల్లుకు బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు ₹5 కోట్లు, వడ్డీ 10 శాతం అనుకుందాం. మిల్లు ఆడినా ఆడకపోయినా రోజుకు దాదాపు ₹13,700 వడ్డీ నడుస్తూనే ఉంటుంది, ఎనిమిది రోజులు ఆగితే ఒక్క వడ్డీయే లక్షా పది వేలు. 20వ తేదీ జీఎస్టీ రిటర్ను తప్పితే పన్ను మీద 18 శాతం వడ్డీ. వీటన్నిటికంటే భయంకరమైంది, ఎవరు మనకెంత బాకీ ఉన్నారో తెలియకపోవడం. కాటా చీటీలు, కాగితం బిల్లులు ముందేసుకుని వారాల తరబడి ఖాతాలు మళ్లీ రాయాలి. ఆ రాసేది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్ని నష్టాల్లో చాలావాటిని ఆపేది రెండు హార్డ్ డిస్కులు, ఒక అలవాటు. రోజూ సాయంత్రం కాపీ తీశాక డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టాలి. కంప్యూటర్‌కే తగిలించి వదిలేస్తే తాళం దానికీ పడుతుంది.

ఈ లెక్క కట్టడానికి హ్యాకింగ్ రానక్కర్లేదు, వ్యాపారం తెలియాలి. కంప్యూటర్ మనుషులు ఓనరు ముందుకెళ్లి ఏ సర్వర్‌లో ఏ లోపముందో చెబుతారు, ఓనరుకు అది ఎక్కదు. లోపానికి, రూపాయికి లంకె చూపించగలిగినవాళ్లు ఈ రంగంలో తక్కువ. మీ పాప సీసీ లిమిట్ అంటే ఏమిటో, గడువు తప్పిన రిటర్నుకు వడ్డీ ఎంతో, ఒక బిల్లు చేతులు మారి చెల్లింపు దాకా ఎలా వెళ్తుందో చిన్నప్పట్నుంచి ఇంట్లో వింటూ పెరిగింది, పైగా మూడేళ్లు చదివింది. బీకామ్ తనకు అడ్డు అని మీరు అనుకుంటున్నారు. నేను మాత్రం దాన్నే తన బలమంటాను.

అలాంటివాళ్లకున్న ఉద్యోగాల పేర్లు చెబుతాను, పాప వెతుక్కోవడానికి వీలుగా. ఐటీ ఆడిట్, ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ కంప్లయన్స్ (నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూసే పని), జీఆర్‌సీ (గవర్నెన్స్, రిస్క్, కంప్లయన్స్) ఎనలిస్టు, థర్డ్ పార్టీ రిస్క్ ఎనలిస్టు. సీ-ఎడ్జ్ లాంటి సంఘటనల తర్వాత బ్యాంకులు, పెద్ద కంపెనీలు తమకు సేవలందించే సంస్థలు జాగ్రత్తగా ఉన్నాయో లేదో చూడ్డానికే మనుషుల్ని పెట్టుకుంటున్నాయి. అది ఆ చివరి ఉద్యోగం. హైదరాబాద్, బెంగళూరుల్లోని ఆడిట్ సంస్థలు, విదేశీ కంపెనీల కార్యాలయాలు వీళ్లను తీసుకుంటాయి. ఆరంభంలో జీతం మామూలుగానే ఉంటుంది, అయిదారేళ్లకు తేడా తెలుస్తుంది.

ఎన్నాళ్లుంటాయన్నారు. సేటుకు ఇష్టమున్నా లేకున్నా చట్టం ఇప్పుడు మధ్యలోకి వచ్చింది. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి, 180 రోజుల లాగ్‌లు, అంటే కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు, దాచాలి. 2023 డేటా రక్షణ చట్టం కింద జనం వివరాలు సరిగ్గా కాపాడకపోతే జరిమానా ₹250 కోట్ల దాకా ఉంది. దాని నియమాలు 2025 నవంబర్లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తర్వాత అమల్లోకొస్తాయి. ఇవన్నీ పాటిస్తున్నట్టు కాగితం మీద చూపించడానికి మనిషి కావాలి.

నన్నడిగితే ఆ లక్షన్నర కట్టకండి. ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్లను ఆ మాట స్టాంపు పేపరు మీద రాసిమ్మని అడగండి, పోయినేడు చేరిన పిల్లల్లో అయిదుగురి ఫోన్ నంబర్లు అడగండి. ఎథికల్ హ్యాకింగ్ చెడ్డ చదువు కాదు. కానీ నెట్‌వర్కింగ్, లినక్స్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) తెలియకుండా నేరుగా అందులోకి దూకితే టూల్సు నొక్కడం తప్ప ఏమీ రాదు. పునాది పాఠాలు డబ్బు లేకుండానే దొరుకుతాయి. ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలు స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు ఉన్నాయి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచిత కోర్సులున్నాయి, ట్రైహ్యాక్‌మీ అనే వెబ్‌సైటులో ఉచిత సాధన గదులున్నాయి. ఆర్నెల్లు రోజూ రెండు గంటలు కూర్చుని, ఆ తర్వాత కూడా ఇష్టం తగ్గకపోతే అప్పుడు డబ్బు సంగతి ఆలోచిద్దాం.

తను ఇంటర్లో ఎంఈసీ కాబట్టి మ్యాథ్స్ ఉంది, ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంసీఏలో చేరవచ్చు. ఇల్లు గడవడానికి ఇబ్బంది లేకపోతే నేను సూచించే దారి ఇదే. ఎంసీఏ అయ్యాక కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సిస్టమ్స్, సెక్యూరిటీ డిప్లొమాకు సీ-క్యాట్ ప్రవేశ పరీక్ష రాసే అర్హత వస్తుంది, బీకామ్‌తో నేరుగా రాదు. రెండేళ్లు చదివించడం కష్టమైతే, కర్నూల్లోనో అనంతపురంలోనో ఒక మంచి చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులో ఆడిట్ అసిస్టెంటుగా చేరి, పక్కన ఐఎస్‌వో 27001 నేర్చుకోమనండి. సమాచార భద్రతకు ప్రపంచమంతా వాడే ప్రమాణం అది, 2022 కూర్పులో 93 నియంత్రణలున్నాయి. తర్వాత ఐటీ ఆడిటర్లకు సీసా (సీఐఎస్ఏ) అనే పరీక్ష ఉంది. అది అనుభవం లేకుండానే రాయవచ్చు, సర్టిఫికెట్ మాత్రం అయిదేళ్ల అనుభవం చూపించాక ఇస్తారు, చదువును బట్టి అందులో కొంత మినహాయింపు ఉంటుంది. డిగ్రీ అవగానే సీసా వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వీటన్నిటితోపాటు ఇంగ్లీషులో ఒక పేజీ నివేదిక తప్పుల్లేకుండా రాయడం వచ్చి తీరాలి, ఆడిట్ ఉద్యోగంలో చేతికొచ్చే పని అదే.

దాడుల్ని ఇరవైనాలుగు గంటలూ కనిపెట్టి చూసే సాక్ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) ఉద్యోగాలు కూడా ఉన్నాయి. వాటిలో రాత్రి షిఫ్టులుంటాయి. పాపకు ఇష్టమైతే వెళ్లనివ్వండి, కంపెనీ క్యాబ్ ఇస్తుందో లేదో ముందే అడగండి. ఆడిట్ పనిలో పగటి వేళలే ఎక్కువ, కాకపోతే ఊళ్లు తిరగాలి.

రెండు జాగ్రత్తలు మాత్రం పాపను పక్కన కూర్చోబెట్టి చెప్పండి. నేర్చుకున్నది ఎవరి కంప్యూటర్ మీదా, కాలేజీది గానీ, మిల్లుది గానీ, అనుమతి లేకుండా ప్రయత్నించకూడదు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ₹5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి, ఒక్క కేసుతో కెరీర్ ముగిసిపోతుంది. రెండోది, విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగం, టికెట్ మేమే ఇస్తామని ఏజెంట్లు ఫోన్ చేస్తారు. అలా నమ్మి వెళ్లిన మన రాష్ట్రం పిల్లల్ని కంబోడియాలో బంధించి సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. కంప్యూటర్ తెలిసిన పిల్లలే వాళ్లకు కావాలి.

సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఐసెట్ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి. ఈలోపు సేటు అనుమతి తీసుకుని, మిల్లు కంప్యూటర్లు ఎనిమిది రోజులు ఆగితే ఎంత నష్టమో మీరూ పాపా కలిసి ఎక్సెల్‌లో ఒక షీటు తయారుచెయ్యండి. అంకెలు మీరు చెప్పండి, పక్కన ఏ లోపం వల్ల అది జరుగుతుందో, ఆపడానికి ఖర్చెంతో పాప రాస్తుంది. మిల్లు పేరు, అకౌంటు నంబర్లు తీసేసి నాకు పంపండి. ఇంటర్వ్యూలో చూపించేలా దాన్ని ఎలా దిద్దాలో పాపకు రాస్తాను.