రూట్ కెనాల్ తర్వాత కూడా దవడ పన్ను నొప్పి తగ్గకపోతే ఏం చేయాలి?

పై దవడలోని మొదటి మోలార్‌కు (నమిలే పెద్ద దవడ పన్నుకు) రూట్ కెనాల్ చేయించుకుని నాలుగు నెలలైనా నమిలేటప్పుడు నొప్పి పోలేదనీ, మరో వైద్యుడు లోపల ఒక కెనాల్ (వేరు లోపలి సన్నని కాలువ) శుభ్రం చేయకుండా మిగిలిపోయి ఉండవచ్చన్నారనీ, ఇప్పుడు మళ్లీ చికిత్స చేయించాలా, పన్ను తీయించేయాలా అనీ అడిగారు. చాలా ఏళ్లుగా ఈ చికిత్సలే చేస్తున్న దంత వైద్యురాలిగా నా సలహా ఒకటే: పన్ను తీయించే ముందు ఆ కెనాల్‌ను వెతికించండి.

ఆ పన్నుకు సాధారణంగా మూడు వేర్లుంటాయి కాబట్టి కెనాళ్లు కూడా మూడే అనుకోవడం సహజం. కానీ చెంప వైపు ముందు భాగంలో ఉండే వేరు చెంప నుంచి అంగిలి వైపుకు వెడల్పుగా ఉంటుంది. సగానికి పైగా పళ్లలో ఆ ఒక్క వేరులోనే రెండో కెనాల్ ఉంటుంది. మేము ఎంబీ2 అని పిలిచే ఆ కెనాల్ నోరు చిన్న డెంటిన్ (పన్ను లోపలి గట్టి పదార్థం) అరుగు కింద దాగి ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలో రెండు కెనాళ్లూ ఒకదాని వెనుక ఒకటి పడి ఒకే గీతగా కనిపిస్తాయి.

ఇది నాకు అనుభవంతో తెలిసివచ్చింది. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒకావిడకు ఇదే పన్నుకు చికిత్స చేశాను. ఎక్స్‌రేలో మూడు వేర్లూ చివరిదాకా చక్కగా నిండి కనిపించాయి. ఆమె నొప్పి అంటూ రెండుసార్లు వస్తే, కొద్దిరోజుల్లో సర్దుకుంటుందని చెప్పి పంపించాను. మూడోసారి సీబీసీటీ స్కాన్ (పన్నును త్రీడీలో చూపే ఎక్స్‌రే) తీయించాను. వేరు అడ్డుకోతలో నేను కెనాల్‌లో నింపిన పదార్థం తాలూకు తెల్లటి చుక్క మధ్యలో కాకుండా ఒక పక్కకు ఒరిగి ఉంది. వేరులో ఒకే కెనాల్ ఉంటే అది దాదాపు మధ్యలోనే ఉండాలి. పక్కకు ఉందంటే రెండో పక్కన మరొకటి ఉండవచ్చని అర్థం. ఆమె మొదటిసారి నొప్పి అన్నప్పుడే ఆ స్కాన్ తీయించి ఉండాల్సింది.

మైక్రోస్కోప్ కింద పన్ను తెరిచి, మొదటి కెనాల్ నుంచి అంగిలి వైపు వెళ్లే సన్నని ముదురు గీతను పట్టుకుని, అల్ట్రాసోనిక్ మొనతో ఆ డెంటిన్ అరుగును కొద్దికొద్దిగా తొలిచాను. చాలాసేపటికి, మొన వద్ద 0.10 మిల్లీమీటర్ల మందం ఉండే పదో నంబరు ఫైల్ (కెనాల్‌ను శుభ్రం చేసే సన్నని సూదిలాంటి పరికరం) ఒకచోట దిగి పట్టుకుంది. కెనాల్‌ను కడిగే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం పోయగానే అక్కడి నుంచి సన్నని బుడగలు పైకి లేచాయి. లోపల మిగిలిన కణజాలం ఆ ద్రావణంలో కరుగుతోందనడానికి అది గుర్తు. శుభ్రం చేసి నింపిన కొన్ని వారాలకు ఆమె ఆ వైపు నమలగలిగింది.

కింది దవడ పళ్లలోనూ ఇలాంటి తేడాలున్నాయి. మొదటి మోలార్‌కు కొందరిలో నాలుక వైపు ఒక అదనపు వేరు ఉంటుంది. దాన్ని రాడిక్స్ ఎంటోమోలారిస్ అంటారు. రెండో మోలార్‌లో వేర్లు కలిసిపోయి, కెనాళ్లు విడివిడిగా కాక ఇంగ్లీషు 'సి' అక్షరంలా వంగిన ఒకే చీలికగా ఉండటం తూర్పు ఆసియా ప్రజల్లో ఎక్కువ. ఆ చీలిక సందుల్లోకి ఫైల్ అంతటా చేరదు కాబట్టి అక్కడ ద్రావణంతో కడగడమే ముఖ్యం.

అయితే నొప్పి ప్రతిసారీ మిగిలిన కెనాల్ వల్లే రాదు. క్యాప్ ఎత్తుగా ఉన్నా, పక్క పన్ను పాడైనా, పైన ఉండే సైనస్ వాచినా ఇలాగే ఉండవచ్చు. వేరు నిలువునా చీలితే మాత్రం ఎంత చికిత్స చేసినా ఫలితం ఉండదు, అప్పుడు తీయించుకోవడమే సరైనది. అందుకే ముందు ఆ ఒక్క పన్ను వరకు సీబీసీటీ తీయించి, నింపిన పదార్థం వేరు మధ్యలో ఉందా, వేరు చివర ఎముక కరిగిందా అని అడగండి. మైక్రోస్కోప్, రబ్బరు డ్యామ్ (పన్ను చుట్టూ బిగించి లాలాజలం చేరకుండా ఆపే పలుచని రబ్బరు తెర) వాడే ఎండోడాంటిస్టును (రూట్ కెనాల్ నిపుణులను) ఎంచుకుని, మొదటి చికిత్సకు ముందు, తర్వాత తీసిన పాత ఎక్స్‌రేలన్నీ వెంట తీసుకెళ్లండి.