యూఎన్‌సీ నాణేన్ని గ్రేడింగ్ సంస్థ ప్రూఫ్‌గా గుర్తిస్తుందా?

ప్రశ్న: నా దగ్గర ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం యూఎన్‌సీ ఫోల్డర్‌లో ఉంది. అద్దంలా మెరుస్తోంది. నాణేలను పరిశీలించి రకాన్నీ స్థితినీ తేల్చి అంకె ఇచ్చే అమెరికా గ్రేడింగ్ సంస్థకు పంపితే ప్రూఫ్ అని ఇస్తారా? గరిష్ఠ అంకె 70 వచ్చే అవకాశం ఉందా?

జవాబు: ప్రూఫ్ అని ఇవ్వరు. ఈ మాట మీకు నిరుత్సాహం కలిగిస్తుందని తెలిసీ ముందే చెప్పేస్తున్నాను. నాణేల ప్రదర్శనల్లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నేను మెత్తగా చెప్పిన ప్రతిసారీ అడిగినవారు ఆశ చావక, రుసుము కట్టి నాణెం పంపించి, ఆ తరువాత బాధపడ్డారు.

మీ చేతిలో ఉన్నది 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన, హైదరాబాద్ టంకశాలలో ముద్రించిన నాణెం. వ్యాసం 44 మిల్లీమీటర్లు. సగం వెండి, మిగతా సగం రాగి, నికెల్, జింకు. అదే నాణేన్ని ప్రూఫ్‌గానూ యూఎన్‌సీగానూ విడివిడిగా, వేర్వేరు ధరలకు అమ్మారు. రెండింటిలోనూ లోహం ఒకటే, బొమ్మ ఒకటే, బరువు ఒకటే. తేడా అంతా తయారీలో ఉంది. ప్రూఫ్ కోసం అచ్చుకు మెరుగు పెడతారు, బిళ్లకు, అంటే ముద్ర పడకముందు ఉండే లోహపు ముక్కకు కూడా మెరుగు పెడతారు, ఎక్కువ ఒత్తిడితో ఒకటికి రెండుసార్లయినా ముద్ర వేస్తారు, ఆ తరువాత చేతి వేళ్లు తగలకుండా తీసి పెట్టెలో పెడతారు. యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్) అంటే చెలామణిలోకి వెళ్లని నాణెం అని మాత్రమే అర్థం. కాబట్టి గ్రేడింగ్ సంస్థ అడిగే మొదటి ప్రశ్న "ఈ నాణెం ఎంత బాగుంది?" అన్నది కాదు, "ఇది ఎలా తయారైంది?" అన్నది. బాగోగుల ప్రశ్న ఆ తరువాత వస్తుంది, అంకె దానికి జవాబు.

ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడమే మన దేశంలో నాణేల సేకరణకు పట్టిన పెద్ద జాడ్యం అని నా గట్టి అభిప్రాయం. అమ్మేవారు "ప్రూఫ్ కండిషన్" అని రాస్తారు, కొనేవారు "ప్రూఫ్ గ్రేడా అండీ?" అని అడుగుతారు. ప్రూఫ్ అనేది కండిషన్ కాదు, గ్రేడు కూడా కాదు. విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత పెద్ద సెంట్ల కోసం తయారుచేసిన 1 నుంచి 70 వరకు ఉండే కొలమానాన్నే ఈనాటి ప్రధాన గ్రేడింగ్ సంస్థలు వాడుతున్నాయి. ప్రూఫ్ నాణేలకూ మామూలు నాణేలకూ అదే అంకెల వరుస. ఎవరో తెలియక జేబులో వేసుకుని ఖర్చుపెట్టేస్తే అరిగిపోయిన ప్రూఫ్ నాణేనికి ప్రూఫ్ 45 అని కూడా ఇస్తారు. అది అరిగినందువల్ల ప్రూఫ్ కాకుండా పోదు. అలాగే యూఎన్‌సీ నాణెం ఒక్క గీత లేకుండా 70 తెచ్చుకున్నా ప్రూఫ్ అయిపోదు.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, మా ఇంట్లో నాణెం వల్ల తెలిసింది.

మా నాన్నగారు 1969లో బొంబాయిలో ఉద్యోగం చేసేవారు. ఆ ఏడాది గాంధీ శతజయంతికి విడుదలైన పది రూపాయల వెండి నాణెం ఆయన కొన్నారు. 15 గ్రాముల బరువు, అందులో 80 శాతం వెండి. ఆయన తరువాత అది మా అమ్మ చేతికి వచ్చింది, అమ్మకు అది లక్ష్మి. ప్రతి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందురోజు వెండి సామానుతో పాటు దాన్ని కూడా విభూతితో తోమి, మెత్తటి పాత పంచె ముక్కతో తుడిచి, కలశం కింద పోసిన బియ్యంలో పెట్టేది. అలా ముప్ఫై ఏళ్లకు పైగా జరిగింది. నేను సేకరణ మొదలుపెట్టాక ఆ నాణెం చూసినప్పుడు మసకగా, సన్నటి గీతలతో ఉంది. మామూలు నాణెమే అనుకున్నాను. విలువ లేనిదని కాదు, నాన్నగారిది కాబట్టి దాచుకున్నాను, అంతే.

ఒకసారి హైదరాబాదులో జరిగిన నాణేల ప్రదర్శనకు దాన్ని పట్టుకెళ్లాను. అక్కడ డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన బల్ల దగ్గర కూర్చున్నాను. ఆయన నా నాణెం పక్కన తన గాంధీ పది రూపాయల నాణెం ఒకటి పెట్టి, బల్ల దీపం కిందికి వంచి, "బాబూ, ఈ రెండింట్లో ప్రూఫ్ ఏదో చెప్పండి" అన్నారు. ఆయనది నిన్న అచ్చు వేసినట్టు ధగధగ మెరుస్తోంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా దాన్నే చూపించాను. ఆయన ఏమీ అనకుండా భూతద్దం నా చేతికిచ్చి, ముందు అంచు చూడమన్నారు. ఆయన నాణెం అంచు లోపలివైపు గుండ్రంగా వాలి ఉంది. మా నాన్నగారి నాణెం అంచు గోడ కట్టినట్టు నిటారుగా, పదునుగా ఉంది. తరువాత అక్షరాలు చూడమన్నారు. ఆయన నాణెం మీద అక్షరాల మొదళ్లు నేపథ్యంలోకి జారినట్టు ఉన్నాయి. మా నాణెం మీద ప్రతి అక్షరమూ కత్తితో కోసి నిలబెట్టినట్టు ఉంది. చివరికి టంకశాల గుర్తు ఉండే చోటు చూడమన్నారు. ఆయన నాణెం మీద ఏ గుర్తూ లేదు, అంటే కలకత్తాది. మా నాణెం మీద చిన్న ఆంగ్ల "బీ" అక్షరం ఉంది.

బొంబాయి టంకశాల మామూలు నాణేల మీద వజ్రం గుర్తు వేసేది. "బీ" అక్షరం ప్రూఫ్ నాణేల కోసం కేటాయించుకున్న గుర్తు, 1990ల మధ్య నుంచి అది "ఎం"గా మారింది. "ఇది ప్రూఫ్‌గా పుట్టిన నాణెం బాబూ, ఒంటి నిగారింపు పోయింది, పుట్టుక పోలేదు" అన్నారాయన. ఆ మాట విన్నప్పుడు నా గొంతు పూడుకుపోయింది. నాన్నగారు అంత ముచ్చటపడి ప్రూఫ్ కొనుక్కున్నారని నాకు అంతవరకూ తెలియదు.

తరువాత దాన్ని ఒక అంతర్జాతీయ గ్రేడింగ్ సంస్థకు పంపాను. కొన్ని నెలలకు ప్లాస్టిక్ డబ్బాలో తిరిగి వచ్చింది. చీటీ మీద ప్రూఫ్ డిటెయిల్స్, క్లీన్డ్ అని ఉంది. అంకె లేదు. తోమిన నాణేనికి అంకె ఇవ్వరు. కానీ ప్రూఫ్ అన్న మాట ఇచ్చారు. మీ ప్రశ్నకు జవాబు ఆ చీటీలోనే ఉందని నేను నమ్ముతాను. మసకబారిన మా నాణేనికి ప్రూఫ్ అన్న మాట దక్కింది, ధగధగలాడే ఆ పెద్దాయన నాణేనికి ఎన్నిసార్లు పంపినా దక్కదు.

అసలు ప్రూఫ్ మెరవాలన్న నియమం కూడా లేదు. అమెరికాలో 1909 నుంచి 1916 వరకు లింకన్ సెంట్ల ప్రూఫ్‌లను మ్యాట్ పద్ధతిలో తయారుచేశారు, వాటికి అద్దపు మెరుపు ఉండదు. బ్రిటన్‌లో 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వేసిన ప్రూఫ్‌లు కూడా మ్యాట్‌వే. వాటిని మామూలు నాణేల నుంచి వేరు చేసేది మళ్లీ ఆ అంచు పదును, ఆ ముద్ర లోతే. ఇలాంటి నాణేన్ని చూసి కాంతి లేదని తక్కువ ధరకు ఇచ్చేసినవారు ఎందరో ఉండి ఉంటారు.

మెరుపులోనూ ఎన్నో తరగతులు ఉన్నాయి. ప్రూఫ్‌లో ఖాళీ భాగం అద్దంలా ఉండి, బొమ్మ మీద తెల్లటి పొడి మంచు లాంటి ఫ్రాస్ట్ ఉంటే కేమియో అంటారు. ఆ తేడా రెండు వైపులా బలంగా ఉంటే, అమెరికాలోని రెండు పెద్ద గ్రేడింగ్ సంస్థల్లో పీసీజీఎస్ డీప్ కేమియో అంటుంది, ఎన్‌జీసీ అల్ట్రా కేమియో అంటుంది. ఒకే లక్షణానికి రెండు పేర్లు పెట్టి కొత్తవారిని ఎందుకు తికమక పెడతారో నాకు ఈనాటికీ అర్థం కాదు. ప్రూఫ్‌కు కూడా ఒకరు పీఆర్ అని, మరొకరు పీఎఫ్ అని రాస్తారు. 1950, 60 దశకాల అమెరికా ప్రూఫ్‌లలో కేమియోకు అంత ధర పలకడానికి కారణం, అప్పట్లో అచ్చు మీది గరుకుదనం కొన్ని నాణేలు వేయగానే అరిగిపోయేది, ఆ మొదటి నాణేలకే ఫ్రాస్ట్ దక్కేది. ఇప్పటి అచ్చుల మీద అది చాలాకాలం నిలుస్తుంది కాబట్టి ఆధునిక ప్రూఫ్‌లలో డీప్ కేమియో రావడం విశేషం కాదు, రాకపోవడమే లోపం. ఆ మాటను పెద్ద అక్షరాలతో వేసి ఆధునిక నాణేలకు ధర పెంచే అమ్మకందారుల మీద నాకు కోపం ఉంది.

దీన్ని తిరగేస్తే రివర్స్ ప్రూఫ్. అక్కడ బొమ్మ అద్దంలా ఉంటుంది, ఖాళీ భాగం తెల్లగా ఉంటుంది. అమెరికా వెండి ఈగిల్ నాణేనికి 20 ఏళ్లు నిండిన సందర్భంగా 2006లో వేసిన మూడు నాణేల సెట్టులో ఒకటి ప్రూఫ్, ఒకటి రివర్స్ ప్రూఫ్, మూడోది బర్నిష్డ్ అనే ప్రత్యేక యూఎన్‌సీ. ఈ మూడో నాణెం గురించే మీరు జాగ్రత్తగా ఆలోచించాలి, ఎందుకంటే మీ సమస్యకు దగ్గరి బంధువు అదే. దాని బిళ్లకు ముందుగా మెరుగు పెట్టారు, సేకరణదారుల కోసమే ముద్రించారు, అయినా అది ప్రూఫ్ కాదు. పీసీజీఎస్ ఇలాంటివాటిని స్పెసిమెన్ అని, ఎస్‌పీ అక్షరాలతో వేరే తరగతిలో పెడుతుంది. ఎన్‌జీసీ మాత్రం మామూలు ముద్రణకు వాడే ఎంఎస్ అక్షరాలే వాడి, బర్నిష్డ్ అన్న మాట పక్కన చేరుస్తుంది. ఒకే నాణెం ఒక డబ్బాలో ఎస్‌పీ 70, మరో డబ్బాలో ఎంఎస్ 70. రెండూ తప్పు కాదు. ప్రూఫ్‌కూ మామూలు ముద్రణకూ నడుమ ఒక మెట్టు ఉందని ఒకరు ఒప్పుకున్నారు, మరొకరు మాటల్లో చెప్పారు. నా మొగ్గు స్పెసిమెన్ వైపే, ఎందుకంటే తయారీలో పెట్టిన శ్రమకు ఒక పేరంటూ ఉండాలి. 1965 నుంచి 1967 వరకు నాణేల కొరత వల్ల అమెరికా ప్రూఫ్ సెట్లు ఆపి, వాటి బదులు ప్రత్యేక టంకశాల సెట్లు అమ్మినప్పుడు కూడా సరిగ్గా ఇలాంటి నడిమి నాణేలే పుట్టాయి.

మన దేశంలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. ముంబై ప్రూఫ్‌కు అక్షరం ఉంది కాబట్టి పేచీ లేదు. కోల్‌కతా నాణేల మీద ఏ గుర్తూ ఉండదు, కాబట్టి ఫోల్డర్ పోతే ప్రూఫో యూఎన్‌సీయో చెప్పడానికి అంచు, ముద్ర, నేపథ్యం తప్ప సాక్ష్యం లేదు. బ్రిటిష్ కాలపు నాణేలకు మరో తలనొప్పి ఉంది. పాత అచ్చులతో టంకశాలలే తరువాతి కాలంలో మళ్లీ వేసిన ప్రూఫ్‌లను గ్రేడింగ్ సంస్థలు రీస్ట్రైక్ అని చీటీ మీద రాస్తాయి, ఆ ఒక్క మాట వల్ల ధర చాలా తగ్గుతుంది. తొలి ముద్ర అని నమ్మి కొన్నవారి ముఖాలు నేను చూశాను.

ఇక మీ నాణెం. అది నిజంగా అద్దంలా ప్రతిబింబం చూపిస్తుంటే దానికి రాగలిగినది ఎంఎస్ అంకె, పక్కన ప్రూఫ్‌లైక్ అన్న మాట. అంటే ప్రూఫ్‌లా కనిపించే మామూలు ముద్రణ అని. మోర్గన్ డాలర్లు అనే పాత అమెరికా వెండి నాణేలకు ఈ పరీక్ష చేసేటప్పుడు అచ్చు అక్షరాల కాగితాన్ని నాణెం ముందు నిలబెట్టి, ఎన్ని అంగుళాల దూరం వరకు ప్రతిబింబం స్పష్టంగా ఉందో చూస్తారు. రెండు నుంచి నాలుగు అంగుళాలైతే ప్రూఫ్‌లైక్, ఆరు అంగుళాలైతే డీప్ మిర్రర్ ప్రూఫ్‌లైక్. మీరూ ఇంట్లో దీపం కింద, నాణేన్ని ఫోల్డర్‌లోంచి తీయకుండానే ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు. రెండు వైపులా ఆ మెరుపు ఉండాలి, ఒక వైపే ఉంటే లెక్కకు రాదు. ఇక 70 సంగతికి వస్తే, 44 మిల్లీమీటర్ల పెద్ద నాణెం మీద అయిదు రెట్లు పెంచి చూసినా ఒక్క మచ్చ కనిపించకూడదు. పక్క నాణేలతో ఒరుసుకునే యూఎన్‌సీ నాణేనికి అది చాలా కష్టం, 66 వస్తే సంతోషించండి.

ఒక పని మాత్రం చేయకండి. పంపే ముందు మరింత మెరవాలని తుడవకండి. విభూతి, టూత్‌పేస్టు, వెండి సామాను తుడిచే ద్రావకం, ఏదీ వద్దు. మా అమ్మకు ఈ సంగతి వివరించినప్పుడు ఆమె చాలాసేపు ఆ చీటీని చేత్తో నిమిరి, "మీ నాన్న చెప్పనేలేదురా" అంది. ఇప్పుడు వ్రతానికి బజారులో కొన్న వెండి లక్ష్మి బిళ్ల కలశం కింద పెడుతున్నాం. నాన్నగారి నాణేన్ని మాత్రం ఆ ప్లాస్టిక్ డబ్బాతోనే పీట మీద, బియ్యానికి తగలకుండా పక్కన పెట్టి, అమ్మ పసుపూ కుంకుమా ఆ ప్లాస్టిక్ డబ్బా పైనే అద్దుతుంది.