కాకర పందిరి కింద ఈగ

చిరంజీవి చిట్టితల్లికి పెద్దనాన్న ఆశీస్సులు.

ఈ వేసవి సెలవుల్లో మన ఊరి మామిడి తోటల్లో, కూరగాయల పందిళ్లలో పండు ఈగల ఫోటోలు తీసి, వాటి జాతులు గుర్తించి రైతులకు చెప్పబోతున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత ఈగల వెంట పడే మనిషి ఇంకొకరు తయారైనందుకు ఎంత గర్వపడ్డానో, రాత్రి నిద్ర పట్టక అంత మథనపడ్డాను.

పొద్దున్నే చల్లటి పూట ఈగ మందకొడిగా ఉంటుంది కనుక అప్పుడే ఫోటో తీయి. ఇది నీకు తెలిసినదే.

మామిడి మీద కనిపించే డోర్సాలిస్, జొనాటా, కరెక్టా అనే మూడు జాతులను విడదీయడానికి ముందు రెక్క చూడు. డోర్సాలిస్ రెక్క ముందంచు వెంబడి నల్లటి పట్టీ తెగకుండా కొస దాకా సాగుతుంది; జొనాటా, కరెక్టాలకు అది మధ్యలో తెగి, కొసన చుక్కగా మిగులుతుంది. ఆ రెండింటిలో జొనాటా వీపు ఎర్రటి గోధుమ రంగు, కరెక్టా వీపు నలుపు, పైగా దాని ముఖం మీద అడ్డంగా నల్ల గీత ఉంటుంది. అయితే కాయల్లోని పురుగులను పెంచి ఈగలను తీసినప్పుడు, బయటికొచ్చిన రోజే ఫోటో తీయకు. అప్పటికి రంగు తేలదు, నల్లది కూడా గోధుమ రంగుగానే కనిపిస్తుంది. చక్కెర నీళ్లు పెట్టి నాలుగైదు రోజులు ఆగు. నా పాత నోటు పుస్తకాలు నీకు ఇస్తాను గాని, అందులో విడిగా రాసుకున్న పపాయే, ఇన్వాడెన్స్ అనే పేర్లను 2015లో శాస్త్రజ్ఞులు డోర్సాలిస్‌లో కలిపేశారని గుర్తుంచుకో.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఉద్యోగంలో చేరిన రెండో వేసవిలో జగిత్యాల వైపు ఒక రైతు నన్ను తన కాకర పందిరి దగ్గరికి తీసుకుపోయాడు. కాయలన్నీ వంకర్లు తిరిగి, లోపల పురుగులతో కుళ్లిపోతున్నాయి. ఆకు మీద వాలిన ఈగను పక్కనుంచి ఒకే ఒక్క ఫోటో తీసి, హన్మకొండ చౌరస్తాలో రీలు కడిగించి చూశాను. పక్కన పసుపు గీత, కింద పసుపు పొట్ట కనిపించగానే మామిడి ఈగేనని తేల్చేసి, మామిడి ఈగల్లో మగవాటిని వాసనతో లాగే మిథైల్ యూజినాల్ ఎరలు కట్టించాను. వారం తిరిగేసరికి ఎర డబ్బాలు ఈగలతో నిండిపోయాయి. రైతు సంతోషించాడు, నేను అంతకంటే పొంగిపోయాను. కాయలు మాత్రం కుళ్లుతూనే ఉన్నాయి.

గట్టుకు అవతల మామిడి తోట ఉందన్న సంగతి నాకు తట్టలేదు. డబ్బాల్లో పడ్డవన్నీ ఆ తోటలోని మగ ఈగలు. కాకరను తింటున్నది కుకుర్బిటే అనే వేరే జాతి, తీగ కూరగాయల ఈగ; అది ఆ ఎరకు రాదు, దాని మగ ఈగలను లాగడానికి క్యూ లూర్ అనే వేరే ఎర కట్టాలి. దాని వీపు నడుమ మూడో పసుపు గీత ఒకటి ఉంటుంది, రెక్క మీద అడ్డు ఈనె వెంట నల్లటి మచ్చ ఉంటుంది. నా ఫోటోలో వీపే లేదు, రెక్క మీద ఫ్లాష్ వెలుగు పడి అంతా తెల్లగా మెరిసిపోయింది. కనిపించని దాన్ని లేదనుకున్నాను, డబ్బా నిండడమే రుజువనుకున్నాను. ఆ రైతు పంట మొత్తం పోయాక పందిరి విప్పుతూ కూడా నన్ను ఒక్క మాట అనలేదు, మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆ నీళ్లు తాగడం కంటే తిట్లు తినడం నాకు తేలికగా ఉండేది.

అందుకే చెబుతున్నాను, వినకపోతే చెవి మెలిపెడతాను: పైనుంచి, పక్కనుంచి, ముఖం ఎదురుగా, రెక్కలు పరుచుకున్నప్పుడు, ఈ నాలుగూ లేకుండా ఏ రైతుకూ పేరు చెప్పకు. ఫోన్‌లోని యాప్ పేరు చెప్పినా సరే, వీపు నడుమ గీత నీ కంటికి కనిపించిందా అని చూసుకో. కనిపించకపోతే తెలియదని రాసి, ఆ ఈగను డబ్బాలో పెట్టి ఉంచు. పురుగు పట్టిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టమని చెప్పడానికి ఏ జాతి పేరూ అక్కరలేదు, ఆ మాట మొదటి రోజే చెప్పేయవచ్చు.

పొద్దు గూకాక పందిళ్ల కిందికి పోకు తల్లీ, పాములు తిరుగుతాయి. నా భూతద్దం మీ నాన్నతో పంపుతున్నాను. పిడి విరిగితే దారంతో కట్టాను, గట్టిగా లాగకు. మొదట తీసిన ఫోటోలు, బాగా రానివి కూడా, నాకు పంపు.

మీ పెద్దనాన్న